కాల్డర్ ట్రోఫీ హట్సన్‌దేనా? బావతో నా ఏడాది వాదన

నమస్తే ఫ్రెండ్స్. ఇవాళ హాకీ గురించి మాట్లాడుకుందాం. అంటే మన ముకేశ్ కుమార్ మూడు ఒలింపిక్స్ ఆడిన హాకీ కాదు, మంచు మీద స్కేట్లు కట్టుకుని ఆడే హాకీ, అమెరికా, కెనడాల్లో జరిగే ఎన్‌హెచ్‌ఎల్. హైదరాబాద్‌లో ఉండి నీకు ఇదెక్కడి పిచ్చి అని చాలామంది అడుగుతారు. మా అక్కా బావా శాన్ హోసేలో ఉంటారు. బావ ఒకసారి నాకు వీడియో కాల్‌లో వాళ్ల ఊరి టీమ్ షార్క్స్ మ్యాచ్ చూపించాడు, అంతే, అప్పట్నుంచి నా పొద్దులన్నీ హాకీతోనే మొదలవుతున్నాయి. చలికాలంలో మాంట్రియల్ మ్యాచ్ మనకి ఉదయం 5:30కి మొదలవుతుంది, కాల్గరీది 7:30కి, శాన్ హోసే మ్యాచ్ పడేసరికి తొమ్మిది దగ్గర పడుతుంది. అంటే చాయ్ పెట్టుకునేటప్పుడు ఒక టీమ్, టిఫిన్ టైమ్‌కి ఇంకో టీమ్, ఆఫీస్‌కి వెళ్తూ మెట్రోలో ఇయర్‌ఫోన్స్‌లో మూడోది. 2024-25 సీజన్ మొత్తం నేను ఇలాగే గడిపాను, ఎందుకంటే ఆ మూడు టీముల్లోనే ఆ ఏడాది ముగ్గురు పెద్ద రూకీలు ఉన్నారు.

రూకీ అంటే లీగ్‌లోకి కొత్తగా వచ్చిన ఆటగాడు. వాళ్లలో ఉత్తముడికి ఇచ్చేదే కాల్డర్ ట్రోఫీ, లీగ్ మొదటి అధ్యక్షుడు ఫ్రాంక్ కాల్డర్ పేరు మీద. ఓట్లు వేసేది హాకీ రాసే జర్నలిస్టులు. ఒక్కొక్కరు ఐదు పేర్లు వరసగా రాస్తారు, మొదటి పేరుకి 10 పాయింట్లు, తర్వాత 7, 5, 3, 1. ప్లేఆఫ్స్ మొదలవకముందే ఓటింగ్ అయిపోతుంది కాబట్టి ప్లేఆఫ్స్‌లో ఎవరు ఎంత ఇరగదీసినా లెక్కలోకి రాదు.

ఫైనల్‌కి మిగిలిన ముగ్గురు: మాంట్రియల్ డిఫెన్స్‌మన్ లేన్ హట్సన్, శాన్ హోసే సెంటర్ (అంటే గోల్స్ కోసం ముందు ఆడే ఫార్వర్డ్) మాక్లిన్ సెలెబ్రిని, కాల్గరీ గోలీ (గోల్‌కీపర్) డస్టిన్ వుల్ఫ్. ట్రోఫీ హట్సన్‌కి వచ్చింది. కానీ మా ఇంట్లో గొడవ ఆగలేదు, ఇప్పటికీ ఆగలేదు.

బావ వాదన ఏంటో ముందు చెప్తా, ఎందుకంటే అది తీసిపారేసే వాదన కాదు. డ్రాఫ్ట్ అంటే టీములు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకోవడం, 2024 డ్రాఫ్ట్‌లో సెలెబ్రిని మొదటి పేరు. సీజన్ మొదలయ్యేటప్పటికి వయసు 18. మొదటి మ్యాచ్‌లోనే ఒక గోల్, ఒక అసిస్ట్ (గోల్‌కి దారితీసిన పాస్) కొట్టాడు, వెంటనే తుంటి గాయంతో 12 మ్యాచ్‌లు పోయాయి. తిరిగొచ్చి మొత్తం 70 మ్యాచ్‌ల్లో 25 గోల్స్, 38 అసిస్ట్‌లు, రెండూ కలిపి 63 పాయింట్లు. హట్సన్ 82 మ్యాచ్‌లు ఆడి 66. మ్యాచ్‌కి ఎంత అని చూస్తే సెలెబ్రిని 0.90, హట్సన్ 0.80. పైగా శాన్ హోసే టీమ్ ఎలా ఉందో మీరు చూసి ఉంటే అర్థమవుతుంది, 82 మ్యాచ్‌ల్లో 20 గెలిచి 32 టీముల్లో ఆఖరున నిలిచింది, మధ్యలో గ్రాన్‌లుండ్ లాంటి సీనియర్‌ని కూడా డాలస్‌కి ఇచ్చేశారు. ఎదుటి టీమ్ తన బెస్ట్ డిఫెన్స్ జోడీని తెచ్చి నేరుగా ఈ పిల్లాడి మీదకే వదిలేది, ఎందుకంటే ఆపాల్సింది అతన్నే. బావ ఫోన్‌లో గట్టిగా అరిచాడు, "ఒరేయ్, పద్దెనిమిదేళ్లవాడు రా, వాడి పక్కన ఆడేవాళ్లని కాస్త చూడు!"

చూశాను బావా. చూసే చెప్తున్నా.

2015-16లో ఇదే గొడవ జరిగింది. కానర్ మెక్‌డేవిడ్ భుజం దగ్గర ఎముక విరిగి 45 మ్యాచ్‌లే ఆడాడు, కానీ 48 పాయింట్లు చేశాడు. మ్యాచ్‌కి ఒకటి కంటే ఎక్కువ! ట్రోఫీ మాత్రం షికాగో ఆటగాడు పనారిన్‌కి వెళ్లింది, 80 మ్యాచ్‌ల్లో 77 పాయింట్లకి. మెక్‌డేవిడ్ తర్వాత ఏమయ్యాడో ప్రపంచమంతటికీ తెలుసు, అయినా ఆ ఏడాది ఓటు తప్పని నేను అనను. నా దృష్టిలో కాల్డర్ అంటే ఆ ఏడాది ఎవరు ఎంత బరువు మోశారు అన్నది. రేపు ఎవరు పెద్ద స్టార్ అవుతారు అన్నదానికి డ్రాఫ్ట్ ఉంది, అందులో సెలెబ్రినికి మొదటి స్థానం ఇచ్చేశారు కూడా.

ఇక హట్సన్. ఇతని గురించి నేను ఎక్కువసేపే మాట్లాడతా, వీడియో పొడుగైనా పర్లేదు. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. డిఫెన్స్‌మన్ అంటే ఆ లీగ్‌లో ఆరడుగుల పైన ఉండే భారీ మనుషులు, ఎదుటివాణ్ని గోడకేసి అదిమే పని వాళ్లది. ఇంత చిన్నవాడు ఎలా నిలబడతాడు అన్న అనుమానంతోనే 2022 డ్రాఫ్ట్‌లో 61 పేర్లు అయిపోయాక 62వ పేరుగా తీసుకున్నారు. అలాంటివాడు మొదటి పూర్తి సీజన్‌లో మ్యాచ్‌కి సగటున 22 నిమిషాలకి పైగా మంచు మీద ఉన్నాడు, ఒక్క మ్యాచ్ కూడా వదల్లేదు.

అతని ఆట ఎలా ఉంటుందంటే, గచ్చిబౌలిలో తెలుగు టైటాన్స్ మ్యాచ్ చూసినవాళ్లకి తేలిగ్గా అర్థమవుతుంది. మంచి రైడర్ కాలు ఒక పక్కకి చూపించి ఒళ్లు ఇంకో పక్కకి తిప్పేస్తాడు చూడండి, డిఫెండర్ బరువంతా తప్పు కాలు మీద పడిపోతుంది, సరిగ్గా అదే. బ్లూ లైన్ (మంచు మీద నీలి గీత) దగ్గర పక్ (ఈ ఆటలో బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) తీసుకుని భుజం ఎడమకి ఊపుతాడు, ఎదుటివాడు అటు జారతాడు, ఈలోగా హట్సన్ కుడి పక్కకి వెళ్లిపోయి ఖాళీలోకి పాస్ ఇచ్చేస్తాడు. నేను పొద్దున్నే నిద్రకళ్లతో చూస్తూ ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశానో లెక్కలేదు.

అలా ఇచ్చిన పాస్‌లే 60 అసిస్ట్‌లు అయ్యాయి. రూకీ డిఫెన్స్‌మన్‌కి ఇది లీగ్ రికార్డుతో సమానం, 1980-81లో లాస్ ఏంజెలిస్‌కి ఆడిన లారీ మర్ఫీ కొట్టింది కూడా సరిగ్గా 60. నలభై నాలుగేళ్లు ఆ అంకెని ఎవరూ అందుకోలేదు! మొత్తం 66 పాయింట్లతో మాంట్రియల్ రూకీ డిఫెన్స్‌మన్ రికార్డు కూడా దాటాడు, అది 1984-85లో చెలియోస్ పెట్టిన 64.

ఇక్కడ నాకు బాధ కలిగించే విషయం ఒకటి ఉంది. మర్ఫీకి ఆ ఏడాది కాల్డర్ రాలేదు. 60 అసిస్ట్‌లు, 76 పాయింట్లు కొట్టిన రూకీ డిఫెన్స్‌మన్‌కి రాలేదు. 24 ఏళ్ల వయసులో చెకోస్లొవాకియా నుంచి వచ్చి క్విబెక్‌కి 109 పాయింట్లు చేసిన పీటర్ స్టాస్ట్నీకి వెళ్లింది. స్టాస్ట్నీ గొప్పవాడు, కాదనను, కానీ ఫార్వర్డ్ పాయింట్లనీ డిఫెన్స్‌మన్ పాయింట్లనీ ఒకే తక్కెడలో వేయడం నాకు అస్సలు నచ్చదు. ఫార్వర్డ్ గోల్ కోసమే పరిగెడతాడు. డిఫెన్స్‌మన్ ముందు తన గోల్ కాపాడుకుని, పక్‌ని తన మూల నుంచి బయటికి తెచ్చి, ఆ తర్వాత పాయింట్ సంపాదించాలి. అందుకే బావ చెప్పే 0.90కి, 0.80కి మధ్య తేడా నన్ను కదిలించదు. ఫార్వర్డ్ కాని కుర్రాడు మొత్తం పాయింట్లలో రూకీలందరి కంటే పైన ఉన్నాడు, అసలు విషయం అదీ. టీమ్ కూడా అంతకుముందు ఏడాది లీగ్ పట్టికలో 76 పాయింట్ల దగ్గర ఆగింది, ఇతను వచ్చిన ఏడాది 91కి చేరి ప్లేఆఫ్స్‌కి వెళ్లింది.

ఇంకో సంగతి, 2023-24లో హట్సన్, సెలెబ్రిని ఇద్దరూ బోస్టన్ యూనివర్సిటీలో ఒకే టీమ్. ఏడాది తిరిగేసరికి ఒకే ట్రోఫీకి పోటీ. నాకు ఇది భలే నచ్చింది.

మరి వుల్ఫ్? నా అసలు కోపం ఇక్కడ ఉంది, ఎందుకంటే బావా నేనూ కొట్టుకుంటుంటే ఇతన్ని ఇద్దరం మర్చిపోయాం, చాలామంది కూడా మర్చిపోయారు. 2019 డ్రాఫ్ట్‌లో 217 పేర్లు పిలిస్తే ఇతనిది 214. ఎత్తు ఆరడుగులు, గోలీలకి అది పొట్టి కింద లెక్క. కాల్గరీ తన పెద్ద గోలీ మార్క్‌స్ట్రోమ్‌ని న్యూజెర్సీకి ఇచ్చేసి ఈ కుర్రాడి చేతికి వల అప్పగించింది. 53 మ్యాచ్‌ల్లో 29 గెలుపులు, 100 షాట్లు వస్తే 91 ఆపాడు. లీగ్ సగటు ఆ ఏడాది 90 దగ్గర ఉంది. ఒక్కటే కదా తేడా అంటారు. అతని మీదకి వచ్చిన షాట్లు సుమారు 1,500, అందులో ఒక శాతం అంటే 15 గోల్స్. గోల్స్ కొట్టడంలో బాగా వెనకబడ్డ టీమ్ అది, ఆ 15 గోల్స్ లేకపోతే ఏ మూలన ఉండేదో. అలాంటి టీమ్ 96 పాయింట్లు తెచ్చింది, సెయింట్ లూయిస్‌తో సమానంగా, కానీ మామూలు టైమ్‌లోనే (ఎక్స్‌ట్రా టైమ్ దాకా వెళ్లకుండా) గెలిచిన మ్యాచ్‌ల లెక్కలో వెనకబడి ప్లేఆఫ్స్ పోగొట్టుకుంది. ఆ రోజు నేను ఆఫీస్‌లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

వయసు మాట కూడా వస్తుంది, వుల్ఫ్‌కి సీజన్ అయ్యేసరికి 24, ఇతను కొత్తవాడేంటి అని. రూల్ ప్రకారం సీజన్ మొదలయ్యే ఏడాది సెప్టెంబర్ 15 నాటికి 26 నిండకూడదు, అంతే. సోవియట్ నుంచి వచ్చిన మకారోవ్ 1990లో 31 ఏళ్లకి ఈ ట్రోఫీ తీసుకున్నాకే ఆ గీత గీశారు. గీతకి ఇవతల ఉన్నవాడిని వయసు పేరుతో తగ్గించడం అన్యాయం. గోలీకి చివరిగా కాల్డర్ వచ్చింది 2009లో, కొలంబస్ గోలీ స్టీవ్ మేసన్‌కి. గోలీలకి పనితనం వచ్చేసరికే వయసు దాటిపోతుంది.

నా చేతిలో బ్యాలెట్ ఉంటే ఇలా రాసేవాణ్ని: హట్సన్, వుల్ఫ్, సెలెబ్రిని, నాలుగు ఫిలడెల్ఫియా మిచ్కోవ్, 26 గోల్స్ కొట్టాడు, ఐదు అనహైమ్ గోటియే. మొదటి పేరు దగ్గర నాకు అనుమానమే లేదు. రెండో పేరు దగ్గరే చాలాసేపు ఆలోచించాను, సెలెబ్రినిని కిందకి దించడం కష్టంగా అనిపించింది, కానీ వుల్ఫ్ ఆపిన ఆ షాట్లు కళ్లముందు మెదులుతుంటే ఇంకోలా రాయలేకపోయాను.

మాంట్రియల్‌లో హట్సన్ కంటే ముందు చివరిగా ఈ ట్రోఫీ అందుకున్నది 1972లో కెన్ డ్రైడెన్, అతను గోలీ. యాభై మూడేళ్ల తర్వాత మళ్లీ ఆ ఊరికి వచ్చింది. వుల్ఫ్‌కే మొదటి ఓటు వేస్తామనేవాళ్లు కామెంట్లో ఏ మ్యాచ్ చూసి అలా అనిపించిందో రాయండి, ఆ మ్యాచ్ నేను మళ్లీ మొత్తం చూస్తా. బావకి కూడా పంపిస్తా.