కోర్టులో నోరు జారితే, చెప్పు విసిరితే ఏమవుతుంది?

యాంకర్: 2025 అక్టోబర్ 6న సుప్రీంకోర్టులో ఒక లాయర్ అప్పటి చీఫ్ జస్టిస్ గవాయ్ గారి మీదికి షూ విసరబోయాడు. ఆయన మాత్రం వాదనలు కానివ్వండి అన్నారు. అదే మన ఊరి కోర్టులో ఫోన్ మోగినా లోపలేస్తారేమోనని టెన్షన్. ఎందుకు సార్ ఇంత తేడా?

రిటైర్డ్ జిల్లా జడ్జి: భయం ఎక్కువే గానీ, మా చేతిలో ఉన్న పవర్ చాలా తక్కువమ్మా. బెంచి మీద ఉండగా కావాలని అవమానిస్తే అప్పటికప్పుడు కస్టడీలోకి తీసుకోవచ్చు. అయితే ఆ రోజు బెంచి దిగేలోపే అతను చెప్పేది విని జరిమానా వేసెయ్యాలి. పాత నేర విచారణ చట్టం సీఆర్పీసీ 345వ సెక్షన్‌లో అది మహా అయితే 200 రూపాయలు.

యాంకర్: రెండొందలా!

రిటైర్డ్ జడ్జి: 1898 చట్టంలోనూ అంతే, 1973లో కొత్త చట్టం తెచ్చినప్పుడూ దాన్ని ముట్టుకోలేదు. ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్ 384వ సెక్షన్‌లో వెయ్యి దాకా చేశారు. కట్టకపోతే నెల వరకు సాధారణ జైలు. ఆ శిక్ష చాలదనిపిస్తే మనమే పెంచడానికి లేదు, కాగితాలు ఇంకో మేజిస్ట్రేట్‌కి పంపాలి. అక్కడైతే ఆరు నెలల దాకా పడొచ్చు.

న్యాయవాది: హైకోర్టు, సుప్రీంకోర్టు దగ్గర కథ వేరు మేడమ్. 1971 కోర్టు ధిక్కార చట్టం 14వ సెక్షన్. ఆరోపణ రాతపూర్వకంగా ఇవ్వాలి, వాదన వినాలి, ఆ తర్వాతే ఆరు నెలల దాకా జైలైనా, 2000 దాకా జరిమానా అయినా. నాకు ఇందులో నచ్చేది ఒకటుంది. ‘మీరు కాకుండా వేరే జడ్జి నా కేసు వినాలి’ అని నిందితుడు అడగొచ్చు. ఎందుకంటే తిట్టించుకున్నదీ ఆయనే, సాక్షీ ఆయనే, తీర్పు చెప్పేదీ ఆయనే అయితే ఎవరికైనా అనుమానం వస్తుంది కదా. అడగ్గానే మారుస్తారని కాదు, చీఫ్ జస్టిస్ చూసి నిర్ణయిస్తారు. వేరే జడ్జికి వెళ్తే మొదటాయన బోనెక్కక్కర్లేదు, ఆయన రాసిచ్చిందే సాక్ష్యం.

కోర్టు రిపోర్టర్: పద్ధతి అంటున్నారు గానీ, 2009 సంగతి చెప్పండి మరి. సుప్రీంకోర్టులోనే పిటిషనర్లు జడ్జిల మీదికి చెప్పు విసిరారు. జస్టిస్ పసాయత్ అక్కడికక్కడే మూడు నెలలు జైలన్నారు. పక్కనే కూర్చున్న జస్టిస్ గంగూలీ మాత్రం సెక్షన్ 14 ప్రకారం వాళ్ల మాట వినాల్సిందే అన్నారు. చివరికి ముగ్గురు జడ్జిల బెంచి పసాయత్ గారి మాటే నిలబెట్టింది.

న్యాయవాది: నేను గంగూలీ గారి వైపే. అందరి కళ్లెదుటే జరిగింది, నిజమే, అయినా ఒక్క పూట ఆగితే పోయేదేముంది?

రిటైర్డ్ జడ్జి: మీ లాయర్ల సంగతి కూడా చెప్పండి...

న్యాయవాది: (నవ్వుతూ) చెప్తాను సార్. లాయర్ల లైసెన్సులు చూసే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి ఛైర్మన్ అంతటాయనే అలహాబాద్ హైకోర్టు జడ్జిని బెదిరించినందుకు 1995లో సుప్రీంకోర్టులో దోషిగా తేలారు. ఆరు వారాల జైలు శిక్ష వేసి, దాన్ని అమలు చేయకుండా ఆపి, మూడేళ్లు ప్రాక్టీస్ ఆపేశారు. ఆ రెండోది తప్పని 1998లో సుప్రీంకోర్టులోనే అయిదుగురు జడ్జిల బెంచి తేల్చింది, లైసెన్సు జోలికి వెళ్లాల్సింది బార్ కౌన్సిలే తప్ప ధిక్కారం కేసు వినే కోర్టు కాదని.

యాంకర్: క్షమాపణ చెప్తే వదిలేస్తారా సార్?

రిటైర్డ్ జడ్జి: మనస్ఫూర్తిగా చెప్తే వదిలెయ్యొచ్చు, చట్టమే ఆ వీలిచ్చింది. ఎవరైనా రెచ్చిపోతే నేను పది నిమిషాలు ఛాంబర్‌లోకి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చేవాణ్ణి. తిరిగొచ్చేసరికి వాళ్ల లాయరే చేతులు కట్టించి నిలబెట్టేవాడు. నా సర్వీసులో జరిమానా వేసింది ఒక్కసారే. రెండొందలన్నాను. అతను దర్జాగా అయిదొందల నోటు తీశాడు. చిల్లర కోసం మా బెంచి క్లర్కు క్యాంటీన్‌కి పరుగెత్తాడు.