గొంతు వినిపించి, బొమ్మ రాని వీడియో

నమస్కారమండీ. ఇవాళ ఒకే ఒక్క వీడియో ఫైలు గురించి మాట్లాడతాను, ఎందుకంటే దాదాపు ప్రతి ఇంట్లోనూ ఇలాంటి ఫైలు ఒకటి ఉంటుంది.

మా పెద్దమ్మ బోడుప్పల్‌లో ఉంటుంది. సద్దుల బతుకమ్మ రోజు ఊళ్లో అమ్మమ్మ పాడుతుంటే మా తమ్ముడు ఐఫోన్‌లో తీశాడు. అమ్మమ్మకు అదే చివరి బతుకమ్మ. మొన్న ఆ వీడియోను పెన్‌డ్రైవ్‌లో వేసి పెద్దమ్మ వాళ్ల టీవీకి పెడితే పాట వినిపిస్తోంది, తెర మాత్రం నల్లగా ఉంది. "ఏంరా, అమ్మ గొంతు ఇనబడుతున్నది, అమ్మ కనబడుతలేదు" అంది పెద్దమ్మ. నాకు గుండె కలుక్కుమంది. టీవీ మార్చాల్సిందే అన్నారు తెలిసినవాళ్లు. టీవీ పాతదే గానీ, పాడవలేదు.

ఫైలు పేరు చివర ఎమ్‌ఓవీ అని ఉంటే దాన్ని ఎమ్‌పీ4 అని మార్చి చూశాను. తెర నల్లగానే ఉంది. ఎందుకంటే ఎమ్‌ఓవీ, ఎమ్‌పీ4, ఎమ్‌కేవీ ఇవన్నీ కవర్లు. కవరు ఒకటే అయినా లోపలి ఉత్తరం తెలుగులో ఉండొచ్చు, ఉర్దూలో ఉండొచ్చు. ఆ లోపలి లిపినే కోడెక్ అంటారు. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పటి నుంచి కొత్త ఐఫోన్లు మామూలుగా హెచ్.265 అనే కోడెక్‌లో రికార్డు చేస్తున్నాయి, తక్కువ జాగాలో అదే నాణ్యత వస్తుంది కాబట్టి. పెద్దమ్మ టీవీకి దానికంటే ముందుదైన హెచ్.264 చదవడం మాత్రమే వచ్చు. శబ్దం వేరే కోడెక్‌లో ఉంటుంది, అది టీవీకి తెలుసు, అందుకే పాట వచ్చింది.

సరే, మార్చాలి. నా ల్యాప్‌టాప్‌లో ఏళ్లుగా వాడుతున్న కన్వర్టర్, అంటే వీడియోను ఒక కోడెక్‌లోంచి ఇంకోదానిలోకి మార్చే ప్రోగ్రాము ఉంది, దానికి హెచ్.265 తెలియదు. దానికి ఆ కోడెక్ నేర్పే ప్లగిన్, అంటే ప్రోగ్రాముకు తగిలించే చిన్న అదనపు ముక్క, దించుకుని ప్లగిన్ల ఫోల్డర్‌లో పెట్టాను, లిస్టులో కనిపించలేదు. తీసి మళ్లీ పెట్టాను, కనిపించలేదు. తీరా చూస్తే కన్వర్టర్ 32 బిట్, నేను దించింది 64 బిట్, అంటే ప్రోగ్రాములు తయారయ్యే రెండు వేరు వేరు రకాలు. ఈ రెండూ కలవవండీ, ఎన్నిసార్లు పెట్టినా కలవవు. 32 బిట్‌ది తెచ్చి పెడితే లిస్టులోకి వచ్చింది, అయితే ఈసారి ఫైలు తెరుచుకోలేదు! ఎర్రర్‌లో పేరున్న చోట అన్నీ ప్రశ్నార్థకాలు. తమ్ముడు ప్రేమగా 'అమ్మమ్మ బతుకమ్మ' అని తెలుగులో పేరు పెట్టాడు, ఆ పాత ప్రోగ్రాముకు తెలుగు అక్షరాలు తెలియవు. మన భాషలో పేరు పెట్టుకోవడం తప్పేమీ కాదు, అది ప్రోగ్రాము లోపం. ఒక కాపీ తీసి, దానికి ఇంగ్లిష్‌లో బీ1 అని పేరు పెట్టి, డీ డ్రైవ్‌లో పెట్టగానే తెరుచుకుంది. హెచ్.264లోకి, 8 బిట్‌లో మార్చాను. ఈ బిట్లు వేరే, ఇవి రంగుల లెక్క. ఆ 8 బిట్ మాట ముఖ్యం, 10 బిట్ హెచ్.264ను చాలా టీవీలు ఆడించవు.

ఇంత తిరుగుడు అక్కర్లేదనుకునేవాళ్లకు హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది, కావలసిన కోడెక్‌లు దాని లోపలే ఉంటాయి, ప్లగిన్ల గొడవ లేదు. చాలా కోడెక్‌లను ఒకేసారి కంప్యూటర్‌లో వేసే కోడెక్ ప్యాకులు మాత్రం ఒకదాని మీద ఒకటి వేయకండి, అవి ఒకదానికొకటి అడ్డం పడితే ఏది పాడు చేసిందో కనిపెట్టడం నరకం.

నేను మొదటే చేయాల్సిన పని ఒకటుంది, మీరు అదొక్కటి చేయండి చాలు. ఏదీ దించకముందే ఫైలు లోపల ఏముందో చూడండి. కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే ఉచిత వీడియో ప్లేయర్‌లో వీడియో తెరిచి కంట్రోల్, జే కలిపి నొక్కితే కోడెక్ పేరు కనిపిస్తుంది. ఆ పేరు కాగితం మీద రాసుకోండి. తర్వాత మొత్తం వీడియో కాకుండా ఒక్క నిమిషం ముక్కను మార్చి, అదే టీవీలో పెట్టి చూడండి. వస్తేనే మిగతాది మార్చండి. అసలు ఫైలును మాత్రం ఎప్పటికీ చెరపకండి.

ఐఫోన్ ఉన్నవాళ్లు పండగకు ముందే సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్, అందులో మోస్ట్ కంపాటిబుల్ పెట్టుకుంటే ఫోన్ హెచ్.264లోనే తీస్తుంది, ఫైలు మాత్రం కాస్త పెద్దదవుతుంది. మా తమ్ముడి ఫోన్‌లో పెట్టేశాను.

ఆ రోజు సాయంత్రం పెద్దమ్మ ఆ వీడియోను మూడుసార్లు పెట్టించుకుంది. మూడోసారి అమ్మమ్మతో పాటు తనూ పాడింది.