గుంటూరు పొట్ట గుట్టంతా మొదటి ముద్దలోనే ఉంది!

అందరికీ నమస్కారం. బరువు తగ్గడానికి అన్నం మానక్కర్లేదని పోయిన వారం వీడియోలో అన్నాను. అంతే, తిట్ల దండకం మొదలైంది. "అన్నం తింటూ ఎలా తగ్గుతారండీ, జనాన్ని ముంచుతున్నారు" అని ఒకాయన రాశారు. "మా బావగారు అన్నం మానేసి నెలలో ఆరు కేజీలు తగ్గారు, దీనికేమంటారు?" అని ఒకావిడ అడిగారు.

అమ్మా, నెల సంగతి వదిలేయండి. ఏడాది తర్వాత మీ బావగారు ఎంత ఉన్నారో చెప్పండి!

అన్నం మానగానే మొదటి వారంలో దిగేది చాలావరకు నీళ్ళే. మన కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అని ఒక చక్కెర నిల్వ ఉంటుంది. అది గ్రాముంటే దాన్ని పట్టుకుని సుమారు 3 గ్రాముల నీళ్ళుంటాయి. నిల్వ ఖాళీ అయితే నీళ్ళూ పోతాయి. కాటా మీద ముల్లు దిగుతుంది, ఇంట్లో సంబరం. సంక్రాంతికి అరిసెలు, పులిహోర లోపలికి వెళ్ళగానే పోయినవన్నీ తిరిగొచ్చి కూర్చుంటాయి.

బరువు తగ్గించే ఇంజక్షన్ల సంగతీ అడుగుతున్నారు. సెమాగ్లుటైడ్ అనే ఇంజక్షన్ మందు ఆపేసినవాళ్ళను ఏడాది తర్వాత చూస్తే, తగ్గిన బరువులో మూడింట రెండొంతులు మళ్ళీ వచ్చేసిందని 2022లో వచ్చిన అధ్యయనం తేల్చింది. అలవాటు మారకపోతే మందు మాత్రం ఎన్నాళ్ళు కాస్తుంది?

ఇప్పుడు నా మాట వినండి. మన గుంటూరు పొట్టకు కారణం అన్నం కాదు. మొదటి ముద్ద! వేడి వేడి అన్నంలో నెయ్యి, గోంగూర పచ్చడి వేసి కలిపిన ఆ మొదటి ముద్ద. మీరు ఎంత తింటారో అక్కడే తేలిపోతుంది.

పచ్చడి అన్నాన్ని లాగుతుందండీ. ఉప్పు, పులుపు, కారం, నూనె అన్నీ దట్టించిన పచ్చడి చెంచాడు వేసుకుంటే దానికి గరిటెడు అన్నం కావాలి. కారం ఎక్కువైందని ఇంకాస్త అన్నం, అన్నం మిగిలిందని ఇంకాస్త పచ్చడి. ఇలా రెండు మూడు విడతలు. 100 గ్రాముల అన్నంలో సుమారు 130 కేలరీలు. 5 గ్రాముల నెయ్యిలో 45. కూర దగ్గరికి వచ్చేసరికే కడుపు నిండిపోతుంది, ఇంకా పులుసు, పెరుగు అలాగే ఉంటాయి. పాపం బీరకాయ కూర గిన్నె అడుగున మిగిలిపోయి సాయంత్రం పనమ్మాయికి వెళ్తుంది.

మా నాన్నగారిది అచ్చం ఇదే కథ. 92 కేజీలుండేవారు. ఆయన తిండి మేం తగ్గించలేదు, వరస మార్చాం. కంచంలో ముందు కప్పు నిండా దొండకాయో బీరకాయో, కూర ఒట్టిదే. పక్కన పప్పు చిన్న గిన్నెలో. అవి అయ్యాకే అన్నం. పచ్చడి చివర్లో, మజ్జిగన్నంలో నంజుకోవడానికి ఉసిరికాయంత. మొదటి పదిహేను రోజులూ ఆయన మొహం చూడలేకపోయాం. "ఏమండీ, ఒక్క ముద్ద ఆవకాయతో కలపనా?" అని అమ్మ జాడీ పట్టుకుని నిలబడేది. జాడీని అటక మీదకు ఎక్కించింది నేనే. పదహారు నెలలకు 79కి వచ్చారు. ఆవకాయ ఇప్పటికీ తింటున్నారు, అన్నమూ తింటున్నారు. మారు వడ్డన అడగడం మాత్రం ఆగిపోయింది.

కూర, మాంసకృత్తులు ముందు తిని పిండిపదార్థాలు చివర్లో తింటే భోజనం తర్వాత షుగర్ తక్కువగా పెరుగుతుందని 2015లో అమెరికాలో షుగర్ ఉన్నవాళ్ళ మీద జరిగిన ఓ చిన్న అధ్యయనంలో కూడా కనిపించింది. పచ్చడి సంగతి వాళ్ళకేం తెలుసు, అది నా సొంత సిద్ధాంతం. ఎవరు కాదన్నా నేను వదలను. షుగర్ మాత్రలు వాడేవాళ్ళు మాత్రం డాక్టరునడిగి మార్చుకోండి.

నడక గురించి కూడా ఒక మాట. మన గుంటూరు బృందావన్ గార్డెన్స్ స్టేడియం దగ్గరికి పొద్దున్నే వెళ్ళి చూడండి. చెమటలు కారేలా గంట నడుస్తారు, బయటికి రాగానే బండి దగ్గర నేతి కారం ఇడ్లీ, పైన ఒక పూరీ ప్లేటు. 70 కేజీల మనిషి గంట గట్టిగా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 250 కేలరీలు. ఆ ప్లేటు అంతకంటే ఎక్కువే తిరిగిస్తుంది. నాకు చూస్తుంటే కడుపు మండిపోతుంది, అంత కష్టపడి నడిచారు కదా అని!

అలాగని నడక మానకండి. బరువు తగ్గి నిలబెట్టుకున్నవాళ్ళ వివరాలు అమెరికాలో 1994 నుంచి నమోదు చేస్తున్నారు. వాళ్ళలో 90 శాతం మంది రోజుకు సగటున గంటసేపు వ్యాయామం చేస్తున్నారు. తగ్గిన బరువు తిరిగి రాకుండా కాపాడేది నడక, తగ్గించేది కంచం.

ఈ రాత్రి మీ మొదటి ముద్ద దేనితో కలిపారో కింద రాయండి. పచ్చడితో అయితే ఏ పచ్చడో, ఎన్నిసార్లు వడ్డించుకున్నారో కూడా రాయండి. నెల తర్వాత మళ్ళీ అడుగుతాను.