మడ అడవి బురదను కదిలిస్తే ఏమవుతుంది?

నమస్కారం. మడ అడవుల బురదలో సీసం, కాడ్మియం, రాగి, పాదరసం వంటి భారలోహాలు పేరుకుంటున్నాయన్న వార్తలు వచ్చినప్పుడల్లా, కిలో మట్టికి ఇన్ని మిల్లీగ్రాములన్న ఒక్క అంకె మన ముందుకు వస్తుంది. ఆ అంకె అవసరమే గాని, దాన్నిబట్టే ప్రమాదాన్ని తేల్చడం సరికాదని నా నిశ్చితాభిప్రాయం.

మురుగుతో, నదీజలాలతో వచ్చే లోహాల్లో చాలా భాగం సన్నని బంకమట్టి రేణువులను అంటిపెట్టుకుని ప్రయాణిస్తుంది. వేళ్ళ గుబురులో నీటి వేగం తగ్గగానే ఆ రేణువులు అడుగుకు చేరతాయి. అక్కడ ఒక గొట్టం దించి పైకి తీస్తే, పైన కొద్ది మిల్లీమీటర్ల గోధుమరంగు పొర, దాని కింద కుళ్ళిన గుడ్ల వాసన వేసే నల్లని మట్టి కనిపిస్తాయి. ఆ నల్లమట్టిలో ఆక్సిజన్ ఉండదు. సముద్రజలంలోని సల్ఫేటుతో బతికే బ్యాక్టీరియా అక్కడ సల్ఫైడు అనే గంధక రూపాన్ని పుట్టిస్తే, సీసం, కాడ్మియం, రాగి, జింకు దానితో కలిసి నీటిలో దాదాపు కరగని రూపంలో బందీలవుతాయి. వేళ్ళు వదిలే ఆక్సిజన్ వల్ల వాటిపై ఏర్పడే తుప్పురంగు ఇనుప పూత కూడా కొంత లోహాన్ని పట్టి ఉంచుతుంది. చాలా మడ జాతుల్లో ఆకులకన్నా వేళ్ళలోనే లోహాలు ఎక్కువగా ఉండడానికి ఇదొక కారణం.

ఆ నల్లమట్టినే పళ్ళెంలో పరచి గాలికి వదిలితే, నలుపు క్రమంగా విరిగి గోధుమరంగుకు తిరుగుతుంది. సల్ఫైడు ఆక్సీకరణం చెంది, ఆమ్లం పుట్టి, బందీగా ఉన్న లోహాలు తిరిగి నీటిలోకి వస్తాయి. రొయ్యల చెరువుల కోసం అడవిని నరికి తవ్వినా, ఓడల దారి కోసం పూడిక తీసినా పెద్దయెత్తున జరిగేది ఇదే. దశాబ్దాలపాటు చేరిన లోహం అప్పుడు పీతలకు, ఆల్చిప్పలకు, వాటిని తినే మనుషులకు అందుబాటులోకి వస్తుంది.

పాదరసం విషయంలో మాత్రం బురదను కదపకుండా ఉంచడం చాలదు. ఆక్సిజన్ లేని ఆ పొరల్లోనే కొన్ని బ్యాక్టీరియా దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. జపాన్‌లోని మినమాటాలో 1956లో వెలుగుచూసిన నరాల వ్యాధికి మూలం ఈ పదార్థమే. అక్కడ అది కర్మాగారపు మురుగులోనే నేరుగా సముద్రంలో కలిసింది. చేపల శరీరాల్లో అది పోగుపడుతుంది కనుక, పాదరసాన్ని మురుగు పుట్టే చోటే ఆపాలి.

కాబట్టి ఇలాంటి నివేదిక ఏది చేతికొచ్చినా, మొత్తం లోహంతోపాటు సల్ఫైడు ఎంత ఉందో, బంకమట్టి వాటా ఎంతో, నమూనాను గాలి తగలకుండా భద్రపరిచారో లేదో తప్పక చూడండి. గాలికి ఆరబెట్టిన మట్టిని పరీక్షిస్తే మొత్తం లోహం లెక్క తప్పకపోవచ్చు గాని, అందులో ఎంత కరిగే రూపంలో ఉందన్న లెక్క మాత్రం అడవిలో ఉన్న బురదకు వర్తించదు.