కాలువ పైన, పొలం కింద

నమస్కారమండీ. కాసేపు కళ్ళు మూసుకుని వినండి. మీరొక పచ్చిక బయల్లో నిలబడ్డారు, చుట్టూ తెలుపూ నలుపూ మచ్చల ఆవులు మేస్తున్నాయి, ఎదురుగా ఒక గట్టు. ఆ గట్టుకి అవతల, మీ తల కన్నా ఎత్తులో, ఒక పడవ మెల్లగా వెళ్ళిపోతోంది. పొలం కింద, కాలువ పైన! నెదర్లాండ్స్‌లో ఇది మామూలే, అక్కడివాళ్ళు తలెత్తి కూడా చూడరు. మనం హాలండ్ అనేది ఈ దేశాన్నేగానీ, నిజానికి అక్కడున్న పన్నెండు రాష్ట్రాల్లో రెంటికే ఆ పేరుంది, మిగతా పది రాష్ట్రాలవాళ్ళని హాలండ్ వాళ్ళంటే కొంచెం చిన్నబుచ్చుకుంటారు.

నెదర్లాండ్స్ అంటేనే పల్లపు నేలలని అర్థం. దేశమంతా కలిపి 41,500 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ, అందులోనూ బోలెడంత నీళ్ళే. జనం మాత్రం కోటీ ఎనభై లక్షలు. సుమారు పావు వంతు నేల సముద్ర మట్టం కన్నా కిందుంది, రాటర్‌డామ్ దగ్గర ఒకచోట ఏకంగా 6.76 మీటర్లు కింద, అంటే రెండంతస్తుల ఇల్లు మునిగేంత. ఇక ఎత్తంటారా, ఆగ్నేయ మూలన బెల్జియం, జర్మనీ సరిహద్దులు కలిసేచోట 322 మీటర్ల గుట్ట ఒకటుంది, దాన్నే పర్వతం అని పిలుచుకుంటారు, పాపం. రైన్, మాస్, స్కెల్ట్ నదులు వచ్చి సముద్రంలో కలిసేది ఈ ప్రాంతంలోనే. నీరు పల్లమెరుగు అంటాం కదా, పశ్చిమ యూరప్ నీళ్ళు ఎరిగిన పల్లం ఇదే.

అయితే ఇంత పల్లం దేవుడిచ్చింది కాదు, చాలావరకు వాళ్ళు చేసుకున్నదే. వెయ్యేళ్ళ కిందట పశ్చిమ భాగంలో ఎక్కువగా పీట్ నేల ఉండేది, అంటే చచ్చిన మొక్కలు పూర్తిగా కుళ్ళకుండా పొరలు పొరలుగా పేరుకున్న చిత్తడి నేల, సముద్రం కన్నా కొంచెం ఎత్తులోనే. సాగు చేద్దామని రైతులు మురుగు కాలువలు తవ్వారు. ఆ నేల స్పాంజిలాంటిది, నీళ్ళు పోగానే ముడుచుకుంది, గాలి తగిలి కుళ్ళి ఇంకా కుంగింది. కుంగాక మళ్ళీ నీళ్ళు నిలిచాయి, మళ్ళీ తవ్వారు, మళ్ళీ కుంగింది. చివరికి నీళ్ళు వాటంతటవి సముద్రంలోకి పోయే దారే లేకుండా పోయింది, రోజూ తోడి, గట్ల మధ్య పైనున్న కాలువల్లోకి పొయ్యాల్సిందే. ఇవాళ్టికీ అంతే, మనం ఇక్కడ మాట్లాడుకుంటుంటే అక్కడ పంపులు తిరుగుతూనే ఉంటాయి.

కేలండర్లలో కనిపించే ఆ గాలిమరలు అందుకోసం పుట్టినవే, అన్నీ పిండి ఆడేవనుకునేరు. కిండర్‌డైక్ అనే చోట 1740 ప్రాంతంలో కట్టిన మరలు ఇంకా ఉన్నాయి, మొత్తం మీద 19 మిగిలాయి. ఒక్క మర నీళ్ళని ఒకటిన్నర మీటరు దాకా ఎత్తగలదు, అంతే. అందుకని లోతు ఎక్కువుంటే మూడు నాలుగు మరలు వరసగా పెట్టి, కిందది ఎత్తి పైదానికి అందిస్తే, అది ఇంకా పైకి, అలా మెట్లు మెట్లుగా తోడేవాళ్ళు. 1612 నాటికి బేమ్‌స్టర్ అనే సరస్సుని నలభైకి పైగా మరలతో ఇలాగే ఎండగట్టి పొలాలు చేసేశారు. తర్వాత ఆవిరి యంత్రాలొచ్చాయి, 1852 కల్లా ఇంకో పెద్ద సరస్సు ఎండిపోయింది. ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్ విమానాశ్రయం ఉన్నది దాని అడుగునే. విమానం ల్యాండ్ అయిందంటే చేపలు తిరిగినచోటే దిగారన్నమాట.

గట్టు ఒకడి పొలం దగ్గర తెగితే మునిగేది అందరూ. అందుకే రాజ్యం కన్నా ముందే, 13వ శతాబ్దం నాటికే నీటి సంఘాలు ఏర్పడ్డాయి, ఇప్పుడు 21 ఉన్నాయి. వాటికి వేరే ఎన్నికలు, వేరే పన్ను. మన నీటి తీరువాలాంటిదే అనుకోండి, కాకపోతే మనం నీళ్ళు ఇచ్చినందుకు కడతాం, వాళ్ళు నీళ్ళు తీసేసినందుకు కడతారు.

చరిత్రంటే యుద్ధాలే చెప్పనక్కర్లేదుగానీ ఒక్కటి చెప్తాను. స్పెయిన్ ఏలుబడి మీద 1568 నుంచి 1648 దాకా ఎనభై ఏళ్ళు కొట్లాడారు. 1574లో స్పెయిన్ సైన్యం లైడెన్ ఊరిని చుట్టుముట్టి తిండి గింజ లోపలికి పోకుండా చేస్తే, డచ్చివాళ్ళు తమ గట్లకి తామే గండి కొట్టి సొంత పొలాల్ని ముంచేశారు. ఆ నీళ్ళ మీద చదును అడుగు పడవల్లో సాయం వచ్చింది, చేపలూ తెల్ల రొట్టే తెచ్చారు. ఇప్పటికీ ఏటా అక్టోబరు 3న ఆ ఊళ్ళో ఉప్పులో ఊరిన హెర్రింగ్ చేప, తెల్ల రొట్టె పంచుతారు.

ఆ డచ్చివాళ్ళే 1602లో ఈస్టిండియా కంపెనీ పెట్టుకుని మన బందరుకీ వచ్చారు. మన నేత బట్టలు కొని, ఇండోనేషియా దీవుల్లో వాటికి మారుగా మసాలా దినుసులు తీసుకునేవాళ్ళు. బందరులో వలందపాలెం ఉంది చూడండి, ఆ వలందులు వీళ్ళే. బందరులోనూ భీమిలిలోనూ వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి.

ఇక 1953. జనవరి 31 శనివారం రాత్రి, పోటు మీదున్న సముద్రాన్ని వాయవ్యం నుంచి వచ్చిన తుఫాను గాలి ఇంకా ఎగదోసింది, తెల్లారేసరికి నైరుతి దిక్కు గట్లకి ఎక్కడికక్కడ గండ్లు. 1,836 మంది చనిపోయారు. రేడియోలో కూర్చుని ఈ మాట చెప్పకుండా ఉండలేను: అప్పట్లో అక్కడి రేడియో రాత్రిళ్ళు మూసేసేవాళ్ళు. తుఫాను హెచ్చరిక తయారుగానే ఉంది, వినిపించే గొంతే లేదు.

ఆ తర్వాత సముద్రం పోటుని ఆపడానికి కట్టినవే డెల్టా వర్క్స్ అనే అడ్డుకట్టలు. అన్నిటికీ మట్టి కట్టలు వేసెయ్యలేదు, ఒకచోట ఆల్చిప్పలు పెంచేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు మా ఉప్పునీళ్ళు మాకుండాలని గొడవ చేస్తే, 62 షట్టర్లతో కట్టి, మామూలు రోజుల్లో ఎత్తి ఉంచేలా 1986లో పూర్తి చేశారు. రాటర్‌డామ్ ఓడదారికైతే 1997లో రెండు పెద్ద తలుపులు పెట్టారు. తుఫాను వచ్చినప్పుడు మూయాలా వద్దా అని తేల్చేది కంప్యూటరే, మనిషైతే టెన్షన్‌లో తప్పు చేస్తాడని.

వాతావరణం చెప్పాలంటే, గొడుగు తిరగబడే గాలి, ముసురు. ఏడాదికి 850 మిల్లీమీటర్ల దాకా వాన, హైదరాబాద్‌కి కాస్త అటూ ఇటూగా అంతే, కాకపోతే మనకి ఎక్కువగా నాలుగు నెలల్లో కురిసేది వాళ్ళకి పన్నెండు నెలలూ పడుతుంది. సముద్రం పక్కనుండబట్టి అంత ఉత్తరానున్నా చలి మరీ చంపెయ్యదు. జూన్‌లో రాత్రి పదింటికి కూడా వెలుతురే, డిసెంబరులో పొద్దున ఎనిమిదిన్నర దాటితేగానీ సూర్యుడు రాడు. అలాంటి దేశంలో 2019 జులై 25న 40.7 డిగ్రీలు కాసింది!

ఎండలొస్తే అక్కడ ఇంకో భయం. 2003 ఆగస్టులో విల్నిస్ అనే ఊళ్ళో వాన లేక పీట్ గట్టు ఎండి, తేలికైపోయి, కాలువ నీళ్ళ తోపుకి పక్కకి జరిగింది. ఊరు మునిగింది, కరువు వల్ల వరద! అప్పట్నుంచీ ఎండలు ముదిరితే గట్లకి నీళ్ళు కొడుతున్నారు, మనం మొక్కలకి పోసినట్టు.

చలి తగ్గడం వల్ల పోయిందొకటుంది. ఉత్తరాన ఫ్రీస్‌లాండ్‌లో పదకొండు ఊళ్ళు చుట్టి, గడ్డకట్టిన కాలువల మీద దాదాపు 200 కిలోమీటర్లు స్కేటింగ్ పోటీ పెడతారు, 1909 నుంచి. మంచు 15 సెంటీమీటర్ల మందం ఉంటేనే. చివరిసారి జరిగింది 1997 జనవరి 4న. కాలువల మీద మంచు పలకలా కాస్త పరుచుకుంటే చాలు, ఈసారైనా జరుగుతుందా అని దేశమంతా అదే మాట.