పాదానికి కూడా పెట్టండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, వెనకాల నిలబడ్డ నర్సింగ్ పిల్లలకి పేరుపేరునా చెప్పాలంటే నా టైం అందులోనే అయిపోతుంది, ఏమనుకోకండి. నాకిచ్చిన టాపిక్ ఆపరేషన్ తర్వాత గుండె జబ్బు పిల్లల ఆరోగ్యం. దానికొస్తా. కానీ బిడ్డ ఆపరేషన్ దాకా చేరాలి కదండీ, ముందు ఆ సంగతి చూద్దాం.

పుట్టే ప్రతి వందమందిలో దాదాపు ఒకరికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. చాలావరకు చిన్నవే, కొన్ని చిల్లులు వాటంతటవే పూడిపోతాయి. వీళ్లలో సుమారు నాలుగో వంతు పిల్లలకి మాత్రం మొదటి ఏడాదిలోనే ఆపరేషనో, కాథెటర్‌తో, అంటే రక్తనాళంలోంచి పంపే సన్న గొట్టంతో చేసేదో ఏదో ఒకటి కావాలి. చిక్కేంటంటే వాళ్లలో కూడా చాలామంది పుట్టగానే గట్టిగా ఏడుస్తారు, ఎర్రగా ఉంటారు, బరువూ బానే తూగుతారు. కడుపులో ఉన్నప్పుడు ఊపిరితిత్తులకి పనుండదు, వాటిని తప్పించి రక్తం పోవడానికి డక్టస్ అని ఒక నాళం ఉంటుంది, పుట్టగానే అది పూర్తిగా మూసుకోదు, అది తెరిచి ఉన్నంతసేపు లోపం బయటపడదు. రెండో రోజో మూడో రోజో, కొందరికి ఇంకా ఆలస్యంగానో మూసుకుంటుంది. అంటే సరిగ్గా మనం డిశ్చార్జి రాసి పంపించే టైంకి!

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఒకమ్మాయి, మొదటి కాన్పు, ఏ ఆస్పత్రో చెప్పను. పాలు తాగేటప్పుడు పాపకి నుదురంతా చెమట పడుతోంది, రెండు గుక్కలు తాగి వదిలేసి ఆయాసపడుతోంది అని కనపడ్డవాళ్లందరికీ చెప్పింది. కొత్త కదమ్మా, అలాగే భయమేస్తుంది అని పంపించేశారు. పాప బూడిద రంగు తిరిగిపోయి, కాళ్లు చల్లబడి మా దగ్గరికొచ్చింది. ప్రోస్టాగ్లాండిన్ డ్రిప్ పెట్టాం, మూసుకుపోతున్న డక్టస్‌ని మళ్లీ తెరిచే మందు, 1970ల నుంచీ వాడుతున్నదే. ఆపరేషన్ అయింది. బతికింది అని రిజిస్టర్‌లో రాసుకున్నాం. కానీ ఆ గంటల్లో మెదడుకి రక్తం అందక నడక ఆలస్యం, మాట ఆలస్యం. అది ఏ రిజిస్టర్‌లో రాస్తామండీ?

రక్తంలో ఆక్సిజన్ ఎంత శాతముందో చూపించే క్లిప్పు, పల్స్ ఆక్సీమీటర్, అది లేని కాన్పుల వార్డుందా? బిడ్డ పుట్టి 24 గంటలు దాటాక కుడి చేతికి ఒకసారి, ఏదో ఒక పాదానికి ఒకసారి. రెండూ 95 గానీ పైన గానీ ఉండాలి, తేడా 3 దాటకూడదు. 90 లోపొస్తే కాసేపాగి చూద్దాం అనొద్దు, వెంటనే డాక్టర్ని పిలవండి. పాదం ఎందుకంటారా, కొన్ని లోపాల్లో డక్టస్ గుండా చెడు రక్తం నడుం కిందికి పోతుంటుంది, చేతిలో 98 చూపిస్తున్నప్పుడే పాదంలో తక్కువుంటుంది. చేతికి పెట్టి ఊరుకుంటే దొరకదు. అలాగని మిషన్‌కి అన్నీ దొరకవు, గుండె నుంచి ఒళ్లంతటికీ రక్తం తీసుకెళ్లే మహాధమని సన్నబడ్డ పిల్లలు కొందరు ఈ టెస్ట్ పాసైపోతారు, అందుకే గజ్జల్లో నాడి వేళ్లతో చూడండి.

వేళ్లంటే హెలెన్ టాసిగ్ గుర్తొస్తుంది, అమెరికాలో పిల్లల గుండె డాక్టరు, మళ్లీ ఈవిడ కథేనా అని మావాళ్లు నవ్వుకుంటున్నారు, నవ్వనీండి. ఆవిడకి సరిగా వినపడేది కాదు, పిల్లల గుండెని చేత్తో తాకి తెలుసుకునేది. నీలం తిరిగిన పిల్లల్లో డక్టస్ తెరిచి ఉన్నవాళ్లు కాస్త నయంగా ఉండడం, అది మూసుకోగానే కుదేలవడం గమనించి, అయితే అలాంటి దారి మనమే ఒకటి తయారుచేస్తే పోలా అనుకుంది. బోస్టన్‌లో గ్రాస్ అనే సర్జన్ని అడిగితే ఆయన పట్టించుకోలేదు, ఆయన 1938 నుంచీ డక్టస్‌లు మూసే పనిలో ఉన్నాడు మరి! చివరికి బాల్టిమోర్‌లో బ్లేలాక్ అనే సర్జన్ ఒప్పుకున్నాడు. ల్యాబ్‌లో కుక్కల మీద పద్ధతి సాధించింది మాత్రం ఆయన ల్యాబ్ అసిస్టెంట్ వివియన్ థామస్. నల్లజాతి మనిషి, కాలేజీ చదువు లేదు, జీతం చూస్తే ఊడ్చేవాళ్ల స్కేలు. 1944 నవంబర్ 29న మొదటి పాపకి బ్లేలాక్ ఆపరేషన్ చేస్తుంటే ఆయన వెనకాల థామస్ స్టూలెక్కి నిలబడి ఎలా చేయాలో చెప్తూనే ఉన్నాడు. థామస్‌కి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది 1976లో! అసలు ఆయన...

సరే సరే, బెల్ వినపడింది. ఆపరేషన్ తర్వాతి సంగతి గబగబా చెప్పేస్తా. ఆపరేషన్ అయింది కదా, నయమైపోయింది అనుకోవద్దు. పళ్లు పుచ్చనివ్వకండి, అక్కడి బ్యాక్టీరియా రక్తంలోకెళ్లి గుండె వాల్వులకి పట్టుకుంటుంది. టీకాలు ఆపకండి. బడికెళ్లే వయసులో ధ్యాస, మాట ఎలా ఉన్నాయో చూపించుకోండి. పెద్దయ్యాక చెకప్‌లు మానేస్తున్నారు, అది ఇంకో పెద్ద గొడవ. మంచి వైద్యం ఉన్న దేశాల్లో ఇప్పుడు ఈ జబ్బుతో పుట్టినవాళ్లలో పిల్లల కంటే పెద్దవాళ్లే ఎక్కువ.

ముందు వరసలో ఆస్పత్రులు నడిపే వాళ్లున్నారు, మిమ్మల్నే అడుగుతున్నా. డిశ్చార్జి కాగితంలో చేతి రీడింగ్‌కో గడి, పాదం రీడింగ్‌కో గడి, పాలు ఎలా తాగుతోందని తల్లిని అడిగి రాయడానికో గడి, మూడు పెట్టించండి. అవి ఖాళీగా ఉంటే సంతకం పెట్టకూడదని రూల్ చేయండి. కొత్త మిషన్ కొనమనట్లేదు, ఉన్న క్లిప్పే పాదానికి కూడా చుట్టమంటున్నా.