హద్దు దాటిన ప్రభుత్వాన్ని లెక్క అడిగేదెవరు?

సభాధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, పనులు మానుకుని వచ్చిన రైతు సోదరులకు, అక్కచెల్లెళ్ళకు నమస్కారం.

ప్రభుత్వం ఎంతవరకు ఉండాలి, ఎక్కడ ఆగాలి అన్నది పట్నంలో ఆర్థికశాస్త్రం చదివినవారి గొడవ అని మనలో చాలామంది అనుకుంటారు. స్వతంత్ర భారతంలో ఆ ప్రశ్నను గట్టిగా అడిగినవారిలో ముందువరుసలో నిలిచినవారు గుంటూరు జిల్లా నిడుబ్రోలు రైతుబిడ్డ ఆచార్య ఎన్.జి. రంగా. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార సేద్యం దేశానికి మార్గమని తీర్మానించింది. భూములన్నీ కలిపి సాగు చేస్తారు, కాగితం మీద హక్కు మాత్రం ఎవరిది వారికే ఉంటుంది, భూమిని బట్టి పంటలో వాటా వస్తుంది అన్నది దాని సారాంశం. ఏ పంట వేయాలో, ఎప్పుడు అమ్మాలో తాను తేల్చుకోలేని రైతు ఆ కాగితాన్ని ఏం చేసుకోవాలి? రంగా గారు కాంగ్రెస్‌ను వదిలి, రాజాజీ (చక్రవర్తి రాజగోపాలాచారి) అండతో అదే ఏడాది పుట్టిన స్వతంత్ర పార్టీకి అధ్యక్షులయ్యారు.

ప్రభుత్వానికి హద్దులుండాలన్న మాటను రాజాజీ గాలిలో నుంచి పట్టుకొచ్చినవారు కారు. 1952లో ఆయన మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, అంటే మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఇంకా ఆ రాష్ట్రంలోనే ఉన్న రోజుల్లో, ఆహారధాన్యాల మీది రేషనింగును, నియంత్రణలను ఎత్తివేశారు. ఆ తరువాత ఢిల్లీ విధానాలను ఆయన ‘పర్మిట్ లైసెన్స్ కోటా రాజ్యం’ అన్నారంటే, అది కుర్చీలో కూర్చుని ఫైళ్ళ మీద సంతకాలు పెట్టిన అనుభవంతో అన్న మాట.

ఆ పార్టీ సాధించినది ఎంత అని అడిగేవారికి నేను పదిహేడవ రాజ్యాంగ సవరణను చూడమంటాను. 1964లో వచ్చిన ఆ సవరణ, ప్రభుత్వం చట్టం చేసి తీసుకోగల జమీందారీ వంటి భూములకు వాడే ‘ఎస్టేటు’ అన్న మాట పరిధిని, రైతే నేరుగా ప్రభుత్వానికి శిస్తు కట్టే రైత్వారీ భూములకూ విస్తరించింది. జమీందారీల రద్దుకు తెచ్చిన కత్తి సాధారణ రైతు పొలం మీదికి వచ్చినట్టయింది. రంగా గారు దానితో గట్టిగా పోరాడారు కాని ఆపలేకపోయారు. అయితే అదే సవరణలో ఒక మినహాయింపు చేరింది. భూపరిమితికి లోబడి, స్వయంగా సాగు చేసుకుంటున్న భూమిని ప్రభుత్వం తీసుకుంటే మార్కెట్ విలువకు తగ్గకుండా పరిహారం ఇవ్వాలి అన్నది ఆ మినహాయింపు. 1978లో నలభై నాలుగవ సవరణ ఆస్తిహక్కును ప్రాథమిక హక్కుల నుంచి తొలగించి 300-ఎ అధికరణం కింది మామూలు హక్కుగా తగ్గించినా, ఆ ఒక్క వాక్యం ఈనాటికీ రాజ్యాంగంలో ఉంది.

నిజం చెప్పాలంటే స్వతంత్ర పార్టీలో రాజులు, రాణులు, మాజీ జమీందారులు ఎక్కువయ్యారు. భూమి ఉన్నవాడి హక్కు గురించి మాట్లాడినంత గట్టిగా కౌలుదారు గురించి, కూలీ గురించి వారు మాట్లాడలేదు. 1967లో 44 లోక్‌సభ స్థానాలు గెలిచిన పార్టీ 1974 నాటికి కనుమరుగైంది. ఇందుకు ఇందిరాగాంధీ గాలి ఎంత కారణమో ఈ లోపమూ అంతే కారణమని నా అభిప్రాయం. రంగా గారే మళ్ళీ కాంగ్రెస్‌లో చేరి గుంటూరు నుంచి గెలిచారు.

ఆ 1967లోనే మరొకటి జరిగింది, దానిని మనం తక్కువగా తలుచుకుంటాం. ప్రభుత్వ ఖర్చును తనిఖీ చేసే పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీకి అంతవరకు పాలకపక్షం సభ్యులే అధ్యక్షులుగా ఉండేవారు. ఆ ఏడు మొదటిసారిగా ప్రతిపక్ష సభ్యుడు, స్వతంత్ర పార్టీ నాయకుడు మీనూ మసానీ ఆ స్థానంలో కూర్చున్నారు. అది నేటికీ ఆనవాయితీ. నా దృష్టిలో ఆ పార్టీ దేశానికి ఇచ్చిన అసలైన ఆస్తి ఇదే. ఎందుకంటే ప్రభుత్వానికి హద్దులు రాసిపెట్టడం తేలిక. అది హద్దు దాటినప్పుడు కాగితం ముందు పెట్టి ఇదేమిటని అడిగే మనిషిని నిలబెట్టడం కష్టం. ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ కాగ్ నివేదికలు చట్టసభ ముందుకు చాలాసార్లు సమావేశాల చివరి రోజున వస్తాయి, చర్చకు ఆ రోజే మిగలదు. బడ్జెట్‌లో కనిపించకుండా కార్పొరేషన్ల పేరిట అప్పు తెచ్చి, హామీ మాత్రం ప్రభుత్వం ఇచ్చే పద్ధతిని రెండు తెలుగు రాష్ట్రాల విషయంలోనూ కాగ్ తప్పుపట్టింది. తీర్చవలసినది మన పిల్లలు, ఓటు వేసి ఒప్పుకున్నది మాత్రం ఎవరూ కాదు.

మన భూముల సంగతికి వద్దాం. ఆంధ్రప్రదేశ్ ల్యాండ్ టైట్లింగ్ చట్టం 2023 అక్టోబరు 31న అమలులోకి వచ్చింది. భూమి హక్కు వివాదాన్ని సివిల్ కోర్టు నుంచి తప్పించి, ప్రభుత్వం నియమించిన అధికారి ముందుకు తీసుకువెళ్ళడం అందులో ప్రధానాంశం. స్పష్టమైన హక్కుపత్రం కావాలన్న ఉద్దేశం మంచిదే కావచ్చు, కాని తగాదాలో ఒక పక్షం ప్రభుత్వమే అయినప్పుడు తీర్పు చెప్పేవాడిని కూడా అదే నియమిస్తే రైతు ఎవరికి చెప్పుకోవాలి? న్యాయవాదులు కోర్టులు బహిష్కరించారు, ఊళ్ళలో చర్చ జరిగింది, 2024లో కొత్త ప్రభుత్వం ఆ చట్టాన్ని రద్దు చేసింది. అంతకుముందు రీసర్వే తరువాత ఇచ్చిన పాసుపుస్తకాల మీద ముఖ్యమంత్రి ఫొటో వేశారు. తాత దున్నిన పొలం, మనం కట్టిన శిస్తు, అట్ట మీద నాయకుడి బొమ్మ! సొమ్మొకడిది, సోకొకడిది అని మనవాళ్ళు ఊరకే అనలేదు. దానిని రాజముద్రతో మార్చినవారిని మెచ్చుకుంటాను. వారి పథకాల కరపత్రాల మీది బొమ్మలనూ ఇదే కొలతతో కొలుస్తాను.

అన్నిటికంటే దగ్గరి ప్రభుత్వం పంచాయతీ. రాజ్యాంగం 243-ఇ అధికరణం ప్రకారం పంచాయతీ గడువు ముగిసేలోపే ఎన్నిక పూర్తి కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో గడువు ముగిస్తే 2021 ఫిబ్రవరి దాకా ఎన్నిక లేదు. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో గడువు తీరిన తరువాత పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతికి వెళ్ళాయి. అప్పుడు ఒక పార్టీ, ఆ తరువాత ఇంకొకటి. పోయింది మాత్రం మన ఓటు. ఎన్నికైన సర్పంచ్ ఉన్నచోట కూడా గ్రామసభ తీర్మానాల పుస్తకం ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించుకునే పుస్తకమైతే అది సభ కాదు.

సిమెంటు రోడ్డు వేసినప్పుడు పొడవు, వెడల్పు, మందం రాసే ఎం-బుక్ ఒకటి ఉంటుంది, బిల్లు దాని మీదే అవుతుంది. పొడవు మన కాళ్ళతో కొలుచుకోవచ్చు, మందమే కనపడదు, తేడా వచ్చేది సాధారణంగా అక్కడే. సమాచార హక్కు చట్టం కింద ఆ పుస్తకం నకలు అడగవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండలంలో అయిదు రూపాయలు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. తెల్లకాగితాలు ఆ బల్ల మీద పెట్టించాను. మన ఊరి చివరి రోడ్డుకు ఒక దరఖాస్తు ఇప్పుడే రాద్దాం; చెయ్యి తిరిగినవారు ఎవరైనా ముందుకు రండి.